గండమ్‌కు కాళ్లెందుకు?

నా టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ బొమ్మ నిలబడి ఉంది. ఎత్తు పన్నెండున్నర సెంటీమీటర్లు. తెల్లటి చేతులూ కాళ్లూ, నీలం ఛాతీ, ఎర్రటి పాదాలు, నుదుటి మీద పసుపు రంగు కొమ్ములు. ఒక్కొక్క ముక్కనీ కత్తిరించి, కత్తిరించిన చోట ఉప్పుకాగితంతో రుద్ది, ఒకదానిలో ఒకటి నొక్కి బిగించడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. మోకాలు ఒక్కటే ఏడెనిమిది ముక్కలు. ఆ మోకాలు బిగిస్తున్నప్పుడే నాకు అసలు ప్రశ్న వచ్చింది. అంతరిక్షంలో యుద్ధం చేసే యంత్రానికి మోకాలెందుకు? నడవడానికి నేలే లేని చోట కాళ్లు ఏం చేసుకుంటుంది?

ఈ బొమ్మ పేరు గండమ్. 1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైన 'మొబైల్ సూట్ గండమ్' అనే యానిమేషన్ సిరీస్‌లోని యుద్ధయంత్రం. దర్శకుడు యోషియుకి తొమినో, యంత్రం గీసింది కునియో ఒకావరా. కథలో దాని అసలు ఎత్తు 18 మీటర్లు, అంటే దాదాపు ఆరంతస్తుల అపార్ట్‌మెంట్. పూర్తి పేరు ఆర్‌ఎక్స్-78-2. లోపల పొట్ట భాగంలో కూర్చుని నడిపేది అమురో రే అనే 15 ఏళ్ల కుర్రాడు. జపాన్‌వాళ్లు పలికే తీరు వింటే మన గండం అనే మాటకి చాలా దగ్గరగా ఉంటుంది. రెండు మాటలకీ ఏ సంబంధమూ లేదు, కానీ ఆ కుర్రాడి వరకు అది నిజంగా గండమే.

కాళ్లెందుకు అనే ప్రశ్నకి ఒక జవాబు కథ బయట ఉంది. సిరీస్‌కి డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. పిల్లలు కొనాలంటే రోబో పెద్దదిగా, మనిషి ఆకారంలో, రంగురంగులుగా ఉండాలి. తయారుచేసినవాళ్లు మొదట అనుకున్నది సైనికుడు ఒంటికి తొడుక్కునే కవచం లాంటి చిన్న యంత్రం. 'సూట్' అనే మాట అక్కడి నుంచే మిగిలింది. అమ్మకాల లెక్క దాన్ని 18 మీటర్లకి పెంచింది.

చాలా కథలు ఇక్కడితో ఆగిపోతాయి. రోబో ఉంది, కొడుతుంది, అంతే. గండమ్ బృందం అలా వదిలేయలేదు. 'ఇంత పెద్ద మనిషి ఆకారపు యంత్రం తప్ప వేరే దారి లేని ప్రపంచం ఏది?' అని వెనక్కి లెక్క వేసుకుంటూ వెళ్లారు. జవాబు ముందే ఖాయమైపోయింది, దానికి తగిన ప్రశ్నని వాళ్లు నిర్మించారు. సైన్స్ ఫిక్షన్‌లో ఇంత నిజాయితీగా చేసిన పని నాకు తెలిసి తక్కువ. ఆ లెక్కలో ఏ మెట్టు గట్టిది, ఏ మెట్టు బోలు అన్నదే ఇక్కడ చూద్దాం.

మొదటి మెట్టు చాలా గట్టిది. నిజ జీవితంలో 18 మీటర్ల రోబోకి పెద్ద శత్రువు రాడార్. అంత పెద్ద శరీరం ఎక్కడో వంద కిలోమీటర్ల దూరంలో ఉండగానే కనిపిస్తుంది, ఒక గైడెడ్ క్షిపణి వచ్చి తగులుతుంది, కథ అయిపోతుంది. కాబట్టి ముందు రాడార్‌ని చంపాలి. అందుకోసం కథలో మినోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త పేరుతో ఒక కణాన్ని సృష్టించారు. యుద్ధనౌకలు ఈ కణాలని చుట్టూ దట్టంగా వెదజల్లుతాయి. అవి పరుచుకున్న చోట రేడియో తరంగాలు పనిచేయవు. రాడార్‌కి ఏమీ కనపడదు. రేడియో సంభాషణ తెగిపోతుంది. క్షిపణికి దారి చూపించేవాళ్లుండరు. కంటితోనో కెమెరాతోనో చూసి కొట్టగలిగినంత దూరమే మిగులుతుంది.

ఈ ఒక్క మార్పుతో యుద్ధం ఒక్కసారిగా చాలా పాతకాలానికి వెళ్లిపోతుంది. సిరీస్ కోసం తయారుచేసిన సాంకేతిక వివరాల్లో గండమ్ సెన్సర్ పరిధి 5,700 మీటర్లు అని ఉంటుంది. ఆరు కిలోమీటర్లు కూడా లేదు. భవిష్యత్తులో, అంతరిక్షంలో తిరిగే ఆయుధానికి ఇంత చిన్న చూపా అని మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు, ఆ ప్రపంచం మొత్తం నిలబడింది ఆ అంకె మీదే. దూరం పోయింది కాబట్టి దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్లాలి కాబట్టి గబగబా తిరగగలిగే, చేతిలో ఆయుధం మార్చుకోగలిగే యంత్రం కావాలి. మరీ దగ్గరికి వెళితే కత్తి కూడా పనికొస్తుంది. అందుకే గండమ్ వీపు మీద రెండు కాంతి ఖడ్గాలు ఉంటాయి.

కథలో దీన్ని ముందుగా అర్థం చేసుకున్నది జియాన్ అనే అంతరిక్ష రాజ్యం. చంద్రుడికి అవతలి వైపున్న కొన్ని కృత్రిమ నివాసాలు కలిసి భూ సమాఖ్య మీద తిరుగుబాటు చేస్తాయి. భూ సమాఖ్య బలం జియాన్ బలానికి 30 రెట్లకు పైనే. సమాఖ్య దగ్గర పెద్ద ఫిరంగులూ క్షిపణులూ మోసే యుద్ధనౌకలున్నాయి. జియాన్ కణాలని వెదజల్లి ఆ నౌకలని గుడ్డివి చేసి, జాకు అనే పదిహేడున్నర మీటర్ల యంత్రాలని వాటి మీదికి వదిలింది. చేతిలో 120 మిల్లీమీటర్ల మెషిన్ గన్, నడుముకి వేడితో కోసే గొడ్డలి. చిన్న సైన్యం పెద్ద సైన్యం ఎత్తులని పనికిరాకుండా చేయడం అన్నమాట. యుద్ధం మొదలైన నెల పైచిలుకు కాలంలోనే రెండు పక్షాలూ కలిపి సగం జనాభాని పోగొట్టుకున్నాయని సిరీస్ మొదట్లోనే చెబుతుంది. గండమ్ అప్పటికి ఇంకా రంగంలోకే దిగలేదు. అది జాకుకి సమాఖ్య ఆలస్యంగా ఇచ్చిన జవాబు.

సరే, దగ్గరి యుద్ధమే అనుకుందాం. మరి ఫైటర్ విమానం చాలదా? మనిషి ఆకారమే ఎందుకు? ఇక్కడ వచ్చేది అంబాక్ అనే సూత్రం, అంటే చేతులూ కాళ్లూ విసిరి ఒంటిని తిప్పుకోవడం. ఇలాంటి వివరణలు చాలావరకు సిరీస్ అయిపోయాక, 1980ల మొదట్లో రచయితలూ అభిమానులూ కూర్చుని అల్లినవి. సూత్రం మాత్రం అసలైన భౌతికశాస్త్రమే. ఇంట్లోనే చేసి చూడొచ్చు.

గిరగిరా తిరిగే ఆఫీసు కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకి తగలకుండా పైకి ఎత్తుకోండి. రెండు లీటర్ల నీళ్ల సీసాని రెండు చేతులతో పట్టుకుని, చేతులు బాగా చాచి, ఎడమ నుంచి కుడికి ఒక్కసారిగా తిప్పండి. కుర్చీ ఎడమకి తిరుగుతుంది. ఇప్పుడు సీసాని ఛాతీకి దగ్గరగా లాక్కుని, అలాగే ఎడమకి తెచ్చుకోండి. కుర్చీ కాస్త వెనక్కి వస్తుంది, కానీ మొత్తం రాదు. ఇంకోసారి చేయండి. నాలుగైదు సార్లలో మీ ముఖం గోడ వైపుకి తిరిగిపోతుంది. బయటి నుంచి ఎవరూ తోయలేదు, మీరూ దేన్నీ తన్నలేదు. వీపు కిందికి ఉండేలా జారిపడిన పిల్లి కాళ్ల మీద వాలేది కూడా ఇలాంటి కిటుకుతోనే.

అంతరిక్షంలో దీని విలువ ఎక్కువ. రాకెట్‌తో పక్కకి తిరిగితే ఇంధనం ఖర్చవుతుంది, అది మళ్లీ రాదు. చేతులూ కాళ్లూ విసిరి తిరిగితే కరెంటు మాత్రమే ఖర్చవుతుంది. గండమ్ లోపల చిన్న అణు సంలీన రియాక్టర్ ఉంది కాబట్టి కరెంటుకి కొదవ లేదు. బరువైన కాళ్లు ఎంత పొడవుంటే అంత బాగా తిరగొచ్చు. కాళ్లు నడవడానికి కాదు, తిరగడానికి. వినగానే భలే అనిపించే జవాబు.

నా ఉద్దేశంలో మాత్రం ఈ మెట్టు కొంచెం బోలే. ఉపగ్రహాలు ఇదే పనిని లోపల గిర్రున తిరిగే చక్రాలతో చేస్తాయి. మన మంగళయాన్‌లో అలాంటివి నాలుగున్నాయి. పది మీటర్ల కాళ్లు తగిలించుకోకుండానే అది కావలసిన వైపుకి తిరిగింది. పైగా అంబాక్‌తో తిరగడమే కుదురుతుంది, ముందుకి కదలడానికి మళ్లీ రాకెట్ మండించాల్సిందే. కాళ్లు ఉన్నాయి కాబట్టి వాటికో ఉపయోగం చూపించారు తప్ప, ఆ ఉపయోగం కోసం కాళ్లు పుట్టలేదు.

చేతుల సంగతి వేరు. తుపాకి ఖాళీ అయితే పారేసి ఇంకొకటి అందుకోవడం, పక్కవాడి డాలు తీసుకోవడం, నౌకని పట్టుకుని వేలాడటం, దెబ్బతిన్న గోడని మరమ్మతు చేయడం, ఇవన్నీ అయిదు వేళ్లున్న చేతితో అయ్యే పనులు. చేతుల విషయంలో నాకు అభ్యంతరం లేదు.

యంత్రం భూమి మీదికి దిగాకే కాళ్లకి అసలు పరీక్ష. పత్రాల ప్రకారం గండమ్ ఖాళీ బరువు 43.4 టన్నులు, ఆయుధాలూ ఇంధనమూ కలిపితే 60. మన సైన్యం దగ్గరున్న టీ-90 ట్యాంకు సుమారు 46 టన్నులు, దాని ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు. ఖాళీగా ఉన్నప్పుడు పద్దెనిమిది మీటర్ల కవచధారి ఆ ట్యాంకు కంటే తేలికంట! ఇంకోలా చూద్దాం. 1.75 మీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషిని అదే ఆకారంలో 18 మీటర్లకి పెంచితే దాదాపు 76 టన్నులు తూగుతాడు. అది మాంసమూ ఎముకలూ ఉన్న మనిషి. గండమ్ లోహపు కవచం వేసుకుని కూడా అందులో సగం కంటే కాస్తే ఎక్కువ. మనిషి ఒంటి సాంద్రత ఇంచుమించు నీళ్లంతే కాబట్టి, గండమ్‌ని హుస్సేన్ సాగర్‌లో వదిలితే ఒంట్లో నలభై శాతం పైన నీళ్లపైనే తేలుతుంది.

నా బొమ్మతో కూడా సరిచూశాను. 144వ వంతుకి కుదిస్తే బరువు 144 ఘనంతో భాగించాలి, అంటే దాదాపు 30 లక్షలతో. 43.4 టన్నులు అప్పుడు పద్నాలుగున్నర గ్రాములవుతుంది. రెండు పది రూపాయల బిళ్ళలంత బరువు కూడా లేదు. వంటింటి తూకం మీద పెడితే లోపలంతా డొల్లగా ఉన్న ప్లాస్టిక్ బొమ్మే దానికి కొన్ని రెట్లు చూపించింది. కథలోని లోహపు యంత్రం నా టేబుల్ మీది ప్లాస్టిక్ కంటే పలచనిదన్నమాట.

ఇలా ఎందుకు తగ్గించి రాశారో ఊహించడం కష్టం కాదు. బరువు నిజంగా లెక్కేస్తే కాళ్లు ఆగవు. ఏ వస్తువునైనా అదే ఆకారంలో పది రెట్లు పెంచితే బరువు వెయ్యి రెట్లు పెరుగుతుంది, ఆ బరువు మోసే కాలి అడ్డుకోత వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. గెలీలియో 1638లోనే ఈ సంగతి రాశాడు. ఏనుగు కాళ్లు జింక కాళ్లలా కాక గుడి స్తంభాల్లా ఉండటానికి కారణం ఇదే. గండమ్ కాళ్లు మాత్రం అందమైన కుర్రాడి కాళ్లలా ఉంటాయి.

ఇక లోపలున్నవాడి పరిస్థితి. మనం నడుస్తుంటే నడుము నాలుగైదు సెంటీమీటర్లు పైకీ కిందికీ ఊగుతుంది. పది రెట్ల శరీరంలో అది దాదాపు అర మీటరు. ప్రతి అడుగుకీ సీటు అర మీటరు లేచి పడుతుంటే గురి చూసి కాల్చడం అలా ఉంచండి, కూర్చోవడమే యాతన. కాలు జారి నిటారుగా ముందుకి పడితే పొట్ట భాగం నేలని తాకేది గంటకి 50 కిలోమీటర్ల వేగంతో. ఆ వేగంతో వెళ్తున్న కారు గోడని గుద్దినట్టు. పడ్డ ప్రతిసారీ.

ఇదంతా కాగితం మీది లెక్క కదా అనుకోవచ్చు. జపాన్‌వాళ్లు నిజంగానే కట్టి చూశారు. 2020 డిసెంబరులో యోకొహామా రేవులో 18 మీటర్ల కదిలే గండమ్‌ని నిలబెట్టారు, 2024 మార్చి వరకు జనం చూశారు. ఉక్కు అస్థిపంజరం, పైన తేలికైన కార్బన్ ఫైబర్ ప్లాస్టిక్ తొడుగులు. కవచం లేదు, ఆయుధం లేదు, రియాక్టర్ లేదు. బరువు 25 టన్నులకి దించారు. అయినా అది తన కాళ్ల మీద తాను నిలబడలేదు. నడుము వెనకాల ఒక పెద్ద బండి దాన్ని పట్టుకుని ఉండేది. కాళ్లు అడుగు వేస్తాయి, బండి ముందుకి జరుపుతుంది. ఆ వీడియోలు చూస్తుంటే నాకు నిరాశ కలగలేదు, పైగా కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్ల కింద బొమ్మల అమ్మకాల కోసం గీసిన ఒక మోకాలు నెమ్మదిగా వంగి, పాదం నేల మీద ఆనడం, దాన్ని చూసి కింద ఉన్నవాళ్లంతా నోరు తెరుచుకుని నిలబడటం.

ఒక్క మాట చెప్పాలి. కాళ్ల విషయంలో తప్పిన లెక్క, మొదటి మెట్టులో మాత్రం మనం అనుకున్నదానికంటే ఎక్కువ నిజమైంది. 2022 నుంచి ఉక్రెయిన్‌లో జరుగుతున్న యుద్ధంలో రెండు పక్షాలూ గాలిలోని రేడియో తరంగాలని జామ్ చేస్తున్నాయి. జీపీఎస్ మీద ఆధారపడే ఆయుధాలు దారి తప్పుతున్నాయి, డ్రోన్లకీ వాటిని నడిపేవాళ్లకీ మధ్య లింకు తెగిపోతోంది. మినోవ్‌స్కీ కణం లేకుండానే మినోవ్‌స్కీ పరిస్థితి. దానికి అక్కడివాళ్లు కనిపెట్టిన విరుగుడు దారం. డ్రోన్ వెనకాల కిలోమీటర్ల కొద్దీ సన్నటి ఆప్టికల్ ఫైబర్ గాలిపటం దారంలా విప్పుకుంటూ వెళుతుంది. దారాన్ని జామ్ చేయలేరు. ఇప్పుడు అక్కడి పొలాల మీద ఆ దారాలు సాలెగూళ్లలా పరుచుకుని మెరుస్తున్నాయి.

గండమ్ చివరి భాగాలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అందులో జియాంగ్ అనే జియాన్ యంత్రం తన చేతులనే విడదీసి తీగల మీద దూరంగా పంపి కాలుస్తుంది. రేడియో లేని చోట తీగే గతి అని వాళ్లకి 1980 నాటికే తెలుసు. తేడా ఏమిటంటే, నిజ ప్రపంచంలో ఆ పరిస్థితి నుంచి పుట్టినది ఆరంతస్తుల మనిషి కాదు, ఒక చేతిలో పట్టే డ్రోన్.

లెక్క ఎక్కడ తప్పినా, దాని ఫలితాలని మాత్రం ఈ సిరీస్ దాచిపెట్టదు. నాకు ఇది ఇంత ఇష్టం కావడానికి కారణం అదే. మొదటి భాగమే చూడండి. అమురో ఉండేది పొడవైన గొట్టం లాంటి అంతరిక్ష నివాసంలో. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1970లలో ప్రతిపాదించిన రకం, లోపలి గోడ మీదే ఊళ్లు, చెట్లు, రోడ్లు. జాకులు లోపలికి చొరబడతాయి. అమురో ఎవరూ చెప్పకుండానే గండమ్‌లోకి ఎక్కి, ఒళ్లో మాన్యువల్ పెట్టుకుని చదువుతూ, మొదటి జాకుని కాంతి ఖడ్గంతో నడుము దగ్గర నరుకుతాడు. జాకులో రియాక్టర్ ఉంది కదా, అది పేలుతుంది. నివాసం గోడకి చిల్లు పడి గాలి బయటికి తోసుకుపోతుంది. ఆ గాలితో పాటు కొట్టుకుపోయినవాళ్లలో గండమ్‌ని తయారుచేసిన ఇంజనీరు ఉన్నాడు. ఆయన పేరు టెమ్ రే, అమురో తండ్రి. కొడుకు మొదటి గెలుపు తండ్రిని శూన్యంలోకి విసిరేసింది. రెండో జాకు ఎదురైనప్పుడు ఆ పిల్లాడు రియాక్టర్ జోలికి పోకుండా సరిగ్గా పైలట్ కూర్చున్న చోట పొడుస్తాడు. గోడ పగలదు, లోపలి మనిషి చచ్చిపోతాడు. రియాక్టర్ పేలుతుంది అనే ఒక్క సాంకేతిక నియమం, పదిహేనేళ్ల కుర్రాడికి యంత్రాన్ని కాకుండా మనిషిని గురిచూడటం ఎలా నేర్పిందో చూడండి.

తండ్రి బతికే ఉంటాడు. చాలా భాగాల తర్వాత ఒక తటస్థ నివాసంలో కనిపిస్తాడు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతింది. కొడుకు చేతిలో ఒక పరికరం పెట్టి, ఇది గండమ్‌కి బిగించు, బలం ఎన్నో రెట్లు పెరుగుతుందని సంబరంగా చెబుతాడు. అది ఎప్పుడో కాలం చెల్లిన ముక్క. అమురో బయటికొచ్చి దాన్ని నేలకేసి కొడతాడు.

ఇదే సిరీస్‌లో నౌకలో ఉప్పు అయిపోయి వంటవాడు కంగారుపడే భాగం ఉంది. మందుగుండు, విడిభాగాలు ఎవరు తెస్తారనే ప్రశ్న ఉంది. గండమ్ యుద్ధంలో నేర్చుకున్నదంతా దాని కంప్యూటర్ నుంచి తీసి, చవకగా గుంపులుగా తయారుచేసిన జిమ్ అనే యంత్రాలకి ఎక్కించడం ఉంది. ఆయుధాన్ని దేవుడి విగ్రహంలా కాక ఫ్యాక్టరీ సరుకులా చూసే చూపు అది. ఆ రోజుల్లో పిల్లల బొమ్మలు అమ్మాల్సిన కార్యక్రమానికి ఇది బరువైపోయింది. 52 భాగాలనుకున్నది 43తో 1980 జనవరిలో ఆపేశారు. అదే ఏడాది జులైలో బందాయ్ కంపెనీ 300 యెన్‌లకి విడిభాగాల ప్లాస్టిక్ బొమ్మని తెచ్చింది. నా టేబుల్ మీదున్నది ఆ వంశంలోదే.

కాళ్ల ప్రశ్నకి సిరీస్ తానే ఇచ్చుకున్న జవాబులు రెండున్నాయి, రెండూ శత్రువు వైపు నుంచే. ఒకటి డోమ్ అనే బరువైన యంత్రం. దానికి కాళ్లున్నాయి కానీ నడవదు, కాళ్ల కింద నుంచి గాలి చిమ్ముకుంటూ నేల మీద జారిపోతుంది. నడక ఎంత కష్టమో జియాన్ ఇంజనీర్లకి తెలిసొచ్చిందన్నమాట. రెండోది పైన చెప్పిన జియాంగ్. చివరి యుద్ధం నాటికి దానికి కాళ్లు బిగించనే లేదు. దాన్ని నడపబోయే జియాన్ పైలట్ షార్ ఆ సంగతి అడిగితే, కాళ్లు వట్టి అలంకారమే, పైవాళ్లకి అది అర్థం కాదని దగ్గరున్న ఇంజనీరు అంటాడు. బొమ్మలు అమ్మే కంపెనీ డబ్బుతో నడిచే కార్యక్రమంలో ఈ మాట రాసినవాళ్ల గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

కాళ్లు లేని ఆ జియాంగ్‌తో గండమ్ తలపడుతుంది. గండమ్‌కి తల పోతుంది, ఎడమ చెయ్యి పోతుంది. జియాంగ్‌కి చివరికి తల ఒక్కటే మిగులుతుంది. అమురో దిగిపోయి గండమ్‌ని ఆటోమేటిక్‌లో పెడతాడు. తల లేని ఆ యంత్రం లోపల ఎవరూ లేకుండానే అడుగులు వేసుకుంటూ వెళ్లి, మిగిలిన ఒక్క చేతిని నిటారుగా పైకెత్తి కాలుస్తుంది. కొంతసేపటికి గాయపడి వచ్చిన అమురోకి అది కూలిపోయి కనిపిస్తుంది. దాని పొట్టలో మొదటి నుంచీ దాచి ఉంచిన చిన్న విమానం ఒకటుంది, కోర్ ఫైటర్. కాళ్లనీ చేతులనీ అక్కడే వదిలేసి ఆ విమానంతో బయటపడతాడు. స్నేహితులున్న చిన్న పడవ కనిపించాక దాన్ని కూడా వదిలేసి, చేతులు చాచి, వాళ్ల వైపు తేలుకుంటూ వెళ్తాడు.